కుడి కంటి మాత్ర

మందుచీటీ కంప్యూటరే రాసిపెట్టే ఈ కాలంలో చెబితే నమ్మరు గానీ, టెక్సాస్‌లో ఓ మారుమూల పశువుల ఊళ్ళో నేను డాక్టరుగా చేరిన ఆ రోజుల్లో చేతిరాతే మా హోదా. ఎంత తక్కువ రాస్తే అంత పెద్ద డాక్టరు. ఈ విషయంలో నాకు వంశపారంపర్యంగా కొంత తర్ఫీదు ఉంది. మా తాతగారు ఏ కాగితం మీదైనా సంతకం ఒక్క గీతతో ముగించేవారు. పేరు పూర్తిగా రాయడం గుమాస్తాల పని అని ఆయన అభిప్రాయం. (ఆ గీతల పుణ్యమా అని మా జమీందారీ ఊళ్ళు ఒక్కొక్కటీ చేజారిపోయాయి. అది వేరే సంగతి.) చివరికి మాకు మిగిలింది నిటారుగా కూర్చునే అలవాటొక్కటే. దాన్ని నేను విమానంలో వెంట తెచ్చుకున్నాను.

నా పేషెంట్లలో ఒక ముసలి రైతు ఉండేవాడు. ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. మిగిలిన కుడి కంటితోనే ఆవుల్ని చూసుకునేవాడు, ట్రక్ నడిపేవాడు. ఆయనకి బీపీ పెరిగిందని ఒక మాత్ర రాసి, పక్కన 'ఓడీ' అని రెండు ఇంగ్లీషు అక్షరాలు పడేశాను. గుంటూరులో చదువుకున్నప్పుడు ఆ రెండక్షరాలకీ రోజుకి ఒకసారి అని అర్థం. అమెరికా మందుల షాపుల్లో కుడి కన్ను అని అర్థం. ఈ దేశం వచ్చాక నేను ట్రైనింగ్ అయిన పెద్దాసుపత్రిలో ఇవన్నీ కంప్యూటరే చూసుకునేది కాబట్టి ఆ సంగతి నాకు తెలియలేదు. (ఎవరినైనా అడిగితే చెప్పేవారేమో. అడగడం మా ఇంటా వంటా లేదు.)

సాయంత్రం క్లినిక్ మూసే వేళకి మందుల షాపు ఫార్మసిస్టు ఫోన్ చేసింది. కొత్తగా చేరిన మనిషి నా చీటీని ఉన్నదున్నట్టు చదివి, 'రోజూ ఒక మాత్ర కుడి కంట్లో' అని సీసా మీద లేబుల్ అంటించి ఇచ్చేశాడట. తను ఇప్పుడే చూసిందట. రైతు ఫోన్ ఎత్తడం లేదట. నేను గొంతు సవరించుకుని, మా దేశంలో ఆ అక్షరాలకి అర్థమేమిటో వివరించబోయాను. ఆవిడ పూర్తిగా వినకుండానే, "డాక్టర్, ఆయనకి ఉన్నదే ఒక కన్ను," అంది.

కార్ తీశాను. మట్టిరోడ్డు పొడుగునా చెప్పాల్సిన మాటలు ఇంగ్లీషులో వల్లించుకున్నాను. మొదట తప్పు షాపుది అన్నాను, తర్వాత దేశానిది అన్నాను, చివరికి ఆ రెండక్షరాలు పుట్టిన లాటిన్ భాష మీదికి నెట్టాను. టై కూడా బిగించుకున్నాను. తీరా గేటు దగ్గర దిగాక, తలుపు కూడా తట్టకుండా లోపలికి వెళ్ళిపోయాను.

రైతు వంటింటి బల్ల ముందు కూర్చుని చెంచా వెనకవైపుతో మాత్రని నూరుతున్నాడు. పక్కన గ్లాసుడు నీళ్ళు, ఒక డ్రాపర్. వల్లించినదంతా ఎటుపోయిందో, "కంట్లో వేశారా?" అని మాత్రం అడగగలిగాను.

"ఇంకా లేదు. మెత్తగా నలగడం లేదు. ఒక కన్ను ఎలాగూ పోయింది, దీన్నైనా కాపాడదామని రాసుంటావు అనుకున్నా."

నా తప్పుకి ఆయన నాకంటే మంచి కారణం వెతికిపెట్టాడు. కుర్చీలో కూలబడ్డాను. తప్పు రాశాననీ, అది మింగే మాత్ర అనీ చెప్పాను.

"బతికించావు. కంట్లో వెయ్యాలంటే భలే భయమేసింది," అన్నాడు.

మరి నన్ను అడగలేదేమని అడిగాను.

"నువ్వు అడగనిచ్చేట్టు కూర్చోవు కదా, డాక్."

శనివారం, వారానికోసారి వెళ్ళినట్టే, సిటీ వైపు ఇర్వింగ్‌లో ఉన్న మా ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. (తను సాఫ్ట్‌వేర్ టెస్టర్. తప్పులు పట్టడం ఉద్యోగం. ఇంట్లో అదే పని జీతం లేకుండా చేస్తుంది.) తను నవ్వలేదు.

"మా ఆఫీస్‌లో దీన్ని బగ్ అంటారండీ. పూర్తిగా రాస్తే మీ ఇంక్ అయిపోతుందా? నోటితో, రోజుకి ఒకసారి అని రాయండి. రాసింది చదివి వినిపించి, వాళ్ళ చేత తిరిగి చెప్పించుకోండి."

నేనేమైనా బడిపంతుల్నా అన్నాను.

"కాదు, జమీందారుగారు. అందుకే చెప్తున్నా."

సోమవారం నుంచి మొదలుపెట్టాను. మొదట్లో నా చీటీలు నాకే పెళ్ళి శుభలేఖల్లా కనబడేవి. నెమ్మదిగా షాపు నుంచి ఫోన్లు తగ్గాయి. ఆ రైతు మాత్రం ఎప్పుడొచ్చినా అన్నీ బుద్ధిగా తిరిగి చెప్పి, చివర్లో వెయిటింగ్ రూమ్ అంతా వినేలా, "ఏ కంట్లో, డాక్?" అనేవాడు. "నోట్లో," అనేవాణ్ణి, గంభీరంగా. చాలాకాలం అది నాకు అవమానంగానే ఉండేది. తర్వాత ఒకసారి, బాగా ముసలివాడయ్యాక, ఆయన ఆ మాట అడగడం మరిచిపోయాడు. అడుగుతాడేమోనని చీటీ ఇవ్వకుండా కాసేపు పట్టుకుని కూర్చున్నాను. అడగలేదు. చివరికి నేనే, "నోట్లో," అన్నాను.