గోడకు చదివిన కథ

ఆ రోజుల్లో మా ఛత్రినాకలో పిల్లలు చదువుతున్నారనడానికి గుర్తు ఒక్కటే, గొంతు వంటింట్లోకి వినబడాలి. మా అమ్మకు అక్షరం ముక్క రాదు, చెవులు మాత్రం గట్టివి. నేను కాస్త ఆగితే చాలు, "ఏందే, నిద్రవోయినవా?" అనేది. అందుకని కిరాయికి తెచ్చుకున్న నవలను కూడా (సాంఘికశాస్త్రం అట్ట వేసి) పాఠం రాగంలోనే చదివేదాన్ని. అందులో దొరల పాడుబడ్డ గడీలో ఒక దయ్యంపిల్ల, దారితప్పి వచ్చిన ఒక పిల్లవాడు. ఎవరో దొంగిలించిన ఆమె నీడను ఇద్దరూ కలిసి వెతుకుతుంటారు. "పాఠంల దయ్యమెందుకొచ్చిందే?" అని అమ్మ అడిగితే "నవాబుల కాలందమ్మా" అన్నాను. నమ్మింది.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. కందిలి ముందు చదువుతూ ఊపిరి కోసం ఆగాను. వెనక గోడలోంచి టక్, టక్. ఆ గోడవతలి ఇంట్లో ముసలాయన చనిపోయిన దగ్గర్నుంచి దానికి తాళమే. బడికి పోతూ చూసినా, వస్తూ చూసినా తాళమే. దయ్యమే అనుకున్నాను. మళ్లీ చదివితే చప్పుడు లేదు, ఆపితే టక్ టక్. పరీక్షిద్దామని పంతొమ్మిదో ఎక్కం ఎత్తుకుంటే గోడ దబదబా మోగింది. (దయ్యాలకూ లెక్కలు పడవని అప్పుడే తెలిసింది.) ఇక రోజూ అదే వరస. గొంతు బొంగురుపోయేదాకా చదివేదాన్ని. "మా పోరి మస్తు చదువుతున్నది" అని అమ్మ వాడకట్టంతా చెప్పుకుంది. చిత్రం ఏమిటంటే, రానురాను ఆ టక్ టక్ కాస్త ఆలస్యమైనా నాకు దిగులేసేది.

ఆఖరి పేజీలు ముందే చూసుకున్నాను. నీడ దొరకగానే దయ్యంపిల్ల మాయమైపోతుందట. గోడవతల ఉన్నదీ దయ్యమే కదా, ఇది వింటే ఏమైపోతుంది, నన్నేం చేస్తుంది? పుస్తకంలోకి చూస్తూనే, "ఆమె ఎక్కడికీ పోలేదు, పిల్లవాడి ఇంట్లోనే ఉండిపోయింది, ఇద్దరూ అన్నం తిన్నారు" అని కానిచ్చేశాను. ఈసారి టక్ టక్ కాదు. గోడలోంచి సన్నని గొంతు వచ్చింది.

"ఝూట్. ఇది కితాబుల లేదు బేటీ. నీ రాగం తప్పింది. ఉన్నదున్నట్టు చదువు."

ఒక్క గంతులో వంటింట్లో పడ్డాను. అమ్మ తాపీగా రొట్టె తిప్పుతోంది. "గామె పక్కింటి నానీమా. కొత్తగ కిరాయికొచ్చిన్రు. కండ్లు కనవడయి, బయటికి పోతె తప్పిపోతదని మనుమడు తాళమేసి నయాపూల్ల దుకాణానికి పోతడు. నీ చదువు మంచిగుంటదని ఎనక కిటికీల కెల్లి చెప్పింది."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా?"

తిరిగి వచ్చి ఉన్నది ఉన్నట్టు చదివాను. దయ్యంపిల్ల వెళ్లిపోయింది, నాకు ఏడుపొచ్చింది. గోడవతల నానీమా ముక్కు చీదుకోవడం వినబడింది. "పోనీ తియ్యి, పోరగాడైతే ఉన్నడు గద," అంది. "రేపేం కితాబు?"

ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని కూడా పైకే చదువుతాను. "ఎవరికి చదువుతున్నవ్?" అని మా ఆయన నవ్వుతాడు. నేను పేజీ తిప్పేటప్పుడు గోడవైపు చెవి పెట్టి కొంచెం ఆగుతాను. మా గోడకు అవతల ఎవరుంటారో నాకు తెలియదు. ఇప్పటికీ అడగలేదు.