ఆరని పచ్చరంగు

అమ్మాయీ అల్లుడూ రాఫెల్స్ ప్లేస్‌లో కంప్యూటర్ ఉద్యోగాలకు వెళ్లిపోతే, ఆ పరాయి దేశంలో పగలంతా నాతో మాట్లాడేవాళ్లు ఉండేవారు కాదు. ఊరికే బస్సెక్కి తిరిగేదాన్ని. ఒకరోజు బుకిట్ బటోక్ స్టాపులో ఒకతను రంగులతో గీసిన పెద్ద బొమ్మను రెండు చేతులా పట్టుకుని తూలుతూ ఎక్కాడు.

"పడిపోతావు నాయనా!" అన్నాను.

"తెలుగా ఆంటీ? మా తాతది వైజాగ్ సైడ్ లా," అని అక్కడివాళ్ల యాసలో అంటూ పక్కన కూర్చున్నాడు. "ఆ అంచు పట్టుకోండి ప్లీజ్. రంగు ఆరలేదు."

సర్కారువాళ్లు అతనికి అడవిలో గది ఇచ్చి, నెల రోజులు ఒక్కడినే ఉండి గీసుకోమన్నారట. బదులుగా ఒక బొమ్మ వాళ్లకివ్వాలి. ఆ రోజే గడువు. బొమ్మ నిండా చెట్లే.

"మనుషులు లేరేం?"

"ఎవరూ రాలేదు ఆంటీ."

ఇంతలో బస్సు గట్టిగా బ్రేకు వేసింది. అప్పటికింకా అక్షరాలు రాని నేను కాగితాల మీద వేసే కుడి బొటనవేలి ముద్ర, అతని చెట్టు మీద పడింది.

"అయ్యో, పాడుచేశాను! తుడిచెయ్యి నాయనా."

అతను దాన్ని చాలాసేపు చూశాడు. సంచిలోంచి గుడ్డ తీసి, బొమ్మ తుడవకుండా నా చేతికిచ్చాడు.

"ఉండనీయండి. ఒకరు వచ్చారు కదా."

గుడ్డ తిరిగిచ్చేశాను, వేలు తుడుచుకోలేదు. సాయంత్రం అమ్మాయి చూసి ఇదేమిటని అడగాలని, రంగు పోకుండా మధ్యాహ్నం అన్నం చెంచాతో తిన్నాను.