మల్లయ్య పోసిన సాక

కబడ్డీ పోటీలు చూడ్డానికి విజయవాడ నుంచి పటాన్‌చెరు వెళ్లాను. ఆట అయ్యాక, పక్కన కూర్చున్న పెద్దాయన మల్లయ్యను మంచి వైన్స్, భోజన హోటల్ ఎక్కడున్నాయని అడిగాను. ముందు వైన్స్‌కు తనే తీసుకెళ్లాడు.

పర్మిట్ రూమ్‌లో ఇద్దరికీ బీరు పోశాను. గ్లాసు ఎత్తబోతే మల్లయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగుండ్రి సారూ, ముందుగాల సాక పొయ్యాలె."

తాగేముందు పోయినవాళ్ల పేరు మీద రెండు చుక్కలు నేలకు వదలడం అక్కడి ఆచారమట. తన గ్లాసులోంచి కాస్త వంపాడు.

"నా కొడుక్కి. గిదే గ్రౌండ్ల ఆడేటోడు. కంపెనీల పేలుడైతే పోయిండు."

మిగిలింది నా వైపు జరిపాడు. "నేను ముట్ట. పారబొయ్యొద్దు, మీరు తాగుండ్రి."

తాగాను. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు.

"ఎట్లుంటది సారూ? వాడు తాగొస్తే ఒక్కనాడు గూడ ఇంట్లకు రానియ్యలె నేను."