మా ఆడబిడ్డ పరస్థానం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరైనా కాలు బయట పెట్టాలంటే మా అత్తగారు ఒప్పుకోవాలి, అత్తగారు ఒప్పుకోవాలంటే పంచాంగం ఒప్పుకోవాలి. ఇదేం చాదస్తమని ఇప్పుడంటాను గానీ, అప్పుడు కొత్త కోడలిని, ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు రెండూ దేవుడి మాటలే. మా ఆడబిడ్డ మాత్రం ఇంటిల్లిపాదీ చదవాల్సిన చదువంతా తనొక్కతే చదివేసింది. రొయ్యలకొచ్చే జబ్బుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది. ("రొయ్యకు జబ్బు చేస్తే మందెందుకమ్మే, మసాలా చాలదా?" అని మా అత్తగారు అడిగారు. వేళాకోళానికి కాదు, తెలుసుకుందామనే.) పట్టా వచ్చిన కొన్నాళ్లకే, నిద్రలో కూడా కలవరించిన ఉద్యోగం దొరికింది. సముద్రం ఒడ్డున రొయ్యల పరిశోధన కేంద్రంలో సైంటిస్టు. అక్కడే గది తీసుకుని ఉండాలి. సోమవారం మధ్యాహ్నంలోపు అసలు సర్టిఫికెట్లు తీసుకుని వచ్చి చేరాలని, లేకపోతే తర్వాతివాళ్లను పిలుస్తామని చెప్పారు.

మా బుచ్చిరెడ్డిపాలేనికి సముద్రం తూర్పున ఉంది. సోమవారం తూర్పుకు వారశూల. ఆ దిక్కున అడుగు పెట్టకూడదు.

"ఆ ఆపీసోళ్లను మంగళారం చేర్చుకోమను, ఏం పోయింది?" అన్నారు అత్తగారు.

"అమా, వాళ్ల దగ్గర పంచాంగం లేదు."

"ఇంకేం సైన్సు వాళ్లది!"

దానికి విరుగుడు పరస్థానం. ప్రయాణం చేసే మనిషి వస్తువొకటి ముందే మంచి గడియ చూసి ఇంకొకరింట్లో పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. ఆపైన శూల మనల్ని ఏమీ చేయలేదు. "పాత చీర పెడితే శూలకు తెలిసిపోద్ది. నీ ప్రాణం దేంట్లో ఉందో అది పెట్టు" అన్నారు అత్తగారు. ఆడబిడ్డ నవ్వి సర్టిఫికెట్ల సంచి తీసిచ్చింది. ఆదివారం సాయంత్రం దాన్ని తూర్పు వీధిలో ఒంటరిగా ఉండే వడ్ల మామ ఇంట్లో పెట్టి వచ్చాం. (వడ్ల వ్యాపారం చేసేవారు, ఊరందరికీ మామ.)

సోమవారం పొద్దున మేం నలుగురం వెళ్లేసరికి మామ ఇంటికి తాళం. మా ఆయన ఫోన్ చేశారు. ఫోన్ చక్కగా మోగింది, ఇంట్లోనే.

గోడ దూకాలన్నారు మా ఆయన. ఎవరు దూకాలన్న చర్చ జరగలేదు, ముగ్గురూ నావైపు చూశారు. నేనప్పుడు వెదురుబద్దలా ఉండేదాన్ని. బండి గోడకు ఆనించి పట్టుకుంటే, సీటు మీద నిలబడి, అవతలున్న గడ్డిమోపు మీదకు దూకాను. పెరటి తలుపు గట్టిగా నెడితే గొళ్లెం ఊడొచ్చింది. మూలమూలా వెతికాను. వడ్ల బస్తాలున్నాయి, సంచి లేదు. కిటికీలోంచి ఆ మాట చెప్పగానే ఆడబిడ్డ అరుగు మీద కూలబడింది. "ఇంకోసారి చూడు వదినా" అని బతిమాలింది. పరీక్షలకు కూడా బెదరని పిల్ల.

అప్పుడు మంచం మీద ఫోన్ మోగింది. ఎత్తాను.

"ఎవురమ్మా? నా ఫోను నీకు యాడ దొరికింది?" మామ గొంతు!

"మీ మంచం మీద మామా."

"నా మంచం నీకు యాడ దొరికింది? తాళమేసినానే!"

"గోడ దూకినాను. సంచి యాడుంది మామా?"

"నా వొళ్లోనే ఉండాది. పరస్థానమంటే మనిషికంటే ముందు పోవాల గదా, నా ఇంట్లో పడుంటే ఎట్టా? మొదటి బస్సుకే తెచ్చేసినా. ఇప్పుడు పాప ఆపీసు కాడే ఉండా. మీకు చెప్దామంటే ఫోను కనపడలా. యాడన్నా పారేసుకున్నానేమోనని వాచ్‌మేన్ ఫోన్లో చేస్తా ఉండా. పెద్దసారొచ్చి సంచి అడిగినాడు, నేనియ్యలా. పాప రానీ అన్నా."

కిటికీలోంచి అరిచి చెప్పాను. మా ఆయన, ఆడబిడ్డ బండెక్కారు. "వదినా, మరి నువ్వో?" అని అది వెనక్కి తిరిగి అడుగుతుండగానే బండి మలుపు తిరిగింది.

నేను కుర్చీ వేసుకుని గోడ మీదికి తల పెట్టాను. అవతల దిగడానికి బండి లేదు, అత్తగారున్నారు.

"పట్టపగలు కొత్త కోడలు గోడ దూకితే ఊరోళ్లు ఏమనుకుంటారు?"

"ఇందాక దూకినాను గదత్తమ్మా!"

"అది పోయేటప్పుడు. ఇది వచ్చేటప్పుడు. మామ వచ్చినాక తలుపులోంచి మర్యాదగా రా."

కిటికీలోంచి కాస్త పెరుగన్నం అందించి ఆమె వెళ్లిపోయారు. మధ్యాహ్నం కాకముందే ఫోన్ మోగింది. "సంతకం పెట్టేసినా వదినా" అని ఆడబిడ్డ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఏం చేయాలో తోచలేదు. ఆ ఇంట్లో నాకు పని లేదు, పిలిచేవాళ్లు లేరు. మామ మంచం మీద నడుం వాల్చాను. సాయంత్రం మామ వచ్చి తాళం తీసి లేపేదాకా ఒళ్లు తెలియలేదు. పెళ్లయ్యాక నేను పగలు పడుకోవడం అదే మొదలు.

ఇప్పుడు నన్ను అడిగేవాళ్లెవరూ లేరు. మధ్యాహ్నం ఎంతసేపైనా పడుకోవచ్చు, పరుపూ మెత్తనిదే. అయినా ఆ వడ్ల దుమ్ములో పట్టిన నిద్ర పట్టదు. ఎవరైనా బయటినుంచి ఒక్క పూట తాళం వేసి పోతే బాగుండునని, నాలో నేనే నవ్వుకుంటాను.