పిట్టలు బెదురుతాయి

మా బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే: తోటలో పిట్టలు బెదరకూడదు. ముప్ఫై ఏళ్ళు బస్టాండులో మైకు పట్టుకుని బస్సుల రాకపోకలు చెప్పిన మనిషి. ఇంట్లో ఉప్పు అడిగితే పక్కవీధి వాళ్ళు తెచ్చిచ్చేవారు. అలాంటివాడు ఆ వేసవిలో ఉన్నట్టుండి నోటిమీద వేలేసుకుని ‘ష్ బాబాయి’ అయిపోయాడు.

పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా చీమ చిటుక్కుమన్నా ఒప్పుకునేవాడు కాదు. కాలింగ్‌బెల్ తీగ పీకేశాడు. మిక్సీకి దుప్పటి చుట్టి బాత్‌రూములో పెట్టాడు. కూరగాయలాయన గేటు దగ్గర వంకాయ ఎత్తి చూపిస్తే, పిన్ని వరండాలోంచే తల అడ్డంగా తిప్పేది.

సెలవులకని వెళ్ళిన నేను, అడపాదడపా వాలే పిట్టని చూపించి అడిగేవాణ్ణి.

“అదే పిట్ట బాబాయ్?”

“చిన్న పిట్ట.”

“మరి అది?”

“దానికంటే పెద్దది.”

పోనీ చూస్తాడా అంటే, చెట్లకి వీపు పెట్టి, కుర్చీ ఇంటి కిటికీ వైపు వేసుకునేవాడు. అదేమంటే, “పిట్టలకి సిగ్గురా, చూస్తే రావు” అనేవాడు.

ఆ కిటికీ గది మా వదినది, అంటే బాబాయి కోడలిది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. పగలు కునుకు పట్టక, డ్యూటీలో కళ్ళు మూతలు పడి, ఒకసారి ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయిందట. హడలిపోయి, ఉద్యోగం మానేస్తానని ఉత్తరం కూడా రాసిపెట్టుకుంది. ఎంతో ఇష్టపడి చదివిన చదువు, పాపం.

ఒకరోజు పదిన్నరకి పిన్ని వాళ్ళక్క దిగింది. గొంతు విషయంలో ఆవిడ బాబాయినే మించింది.

“ష్, పిట్టలు” అన్నాడు బాబాయి.

ఆవిడ తోటంతా తిరిగొచ్చింది. “ఒక్క ఈక కూడా లేదు, ఎక్కడయ్యా నీ పిట్టలు? కోడలేదీ, ఇంకా లేవలేదా? ఉండు, నే లేపుతా.”

బాబాయి గబుక్కున కుర్చీలోంచి లేచాడు. వెళ్ళి గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

పిన్ని మెల్లగా అంది: “అక్కా, అది రాత్రంతా రోగుల్ని చూసొచ్చి పడుకుంది. లేపితే నేనూరుకోను. ఈయన పిట్టలూ గిట్టలూ అంటున్నది దానికోసమే.”

బాబాయి పిన్ని వైపు తిరిగాడు. “నీకు తెలుసా? మధ్యాహ్నం దాకా కోడలు పడుకోవడమేంటని రుసరుసలాడతావనుకున్నా.”

“మొదటి రోజే తెలుసు.”

“మరి చెప్పలేదేం?”

“కాపరానికొచ్చాక ఇంట్లో ఇంత ప్రశాంతంగా ఉండటం ఇదే మొదలు. చేతులారా చెడగొట్టుకుంటానా?”

వదిన ఆ ఉత్తరం చించేసింది. తమాషా ఏమిటంటే, ఆ నిశ్శబ్దానికి ధైర్యమొచ్చి, వారం తిరక్కుండా పిచ్చుకలూ గోరింకలూ గుంపులు గుంపులుగా తోటలో దిగాయి. తెల్లారితే చాలు, ఒకటే గోల. గట్టిగా అదిలించలేక, బాబాయి తువ్వాలు ఊపుతూ మునివేళ్ళమీద వాటి వెంట పరుగెడుతుంటే, డ్యూటీ దిగొచ్చిన వదిన గేటు దగ్గరే ఆపింది.

“ఉండనివ్వండి మామయ్యా. వాటి గోల వింటుంటే నాకు నిద్ర బాగా పడుతోంది.”