లోపలివాళ్ళ వకీలు

భూతద్దం మామయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరేం తినబోయినా, "లోపలివాళ్ళని అడిగావా?" అని నిలదీస్తాడు. లోపలివాళ్ళంటే మన పేగుల్లో కాపురముంటూ, తిన్నది అరిగించే మంచి సూక్ష్మజీవులు. నోరులేని ఆ జీవాల తరఫున ఈయనే వకీలు. నోటికి కొదవలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా మేనకోడలి కిరాణా కొట్టుకొచ్చి, చేతిలోని క్యారేజీ బల్లమీద పెట్టి, ఏదో ఒక పొట్లం వెనక్కి తిప్పి జేబులోని భూతద్దంతో చదివేవాడు.

"ఆర్నెల్లు బూజు పట్టదట! బూజునే బతకనివ్వని మందు లోపలివాళ్ళని బతకనిస్తుందా? నూనే నీళ్ళూ విడిపోకుండా ఇంకో మందు! అది పేగు లోపలి జిగురు పొరని పల్చన చేస్తే వాళ్ళెక్కడ తలదాచుకుంటారు? పైగా ఈ రాతలు చీమ కాళ్ళంత! దొంగవెధవలు!"

కొనబోయినవాళ్ళు పొట్లాలు మళ్ళీ అరలో పెట్టేసేవారు. ఆయన మాత్రం కోపంతో ఊగిపోతూ క్యారేజీ మర్చిపోయి వెళ్ళేవాడు. పాడైపోతుందని మేనకోడలు తిట్టుకుంటూనే తినేది. అంతకుముందు ఆమె మధ్యాహ్న భోజనం అరలోని బిస్కెట్లే. కడుపునొప్పితో వారం ఆస్పత్రిలో పడుకున్నా ఆ అలవాటు పోలేదు.

ఒకరోజు బడిపిల్లల విహారయాత్రకని అరవై పొట్లాలు కొనబోయిన పంతులమ్మ, మామయ్య ధాటికి వట్టి చేతులతో పోయింది.

"నా కొట్టు మూయించేదాకా నిద్రపోవా మామయ్యా? రేపట్నుంచి ఇందులో అడుగు పెట్టావంటే ఊరుకోను!"

మర్నాడు పన్నెండున్నరైంది. ఎవరూ అరవలేదు. ఆమె బిస్కెట్ పొట్లం తీసి, ఎందుకో వెనక్కి తిప్పి చూసింది. ఒక్క అక్షరం కనపడితే ఒట్టు. ఒళ్ళు మండిపోయింది.

అంతలో రోడ్డు మీంచి కేక. "లోపలివాళ్ళని అడిగావా?"

కొట్టు మెట్టు మీద క్యారేజీ. అవతల ఎండలో మామయ్య.

"అడుగు పెట్టొద్దన్నావు. అరవొద్దనలేదు!"

"రోజూ దీన్నెలా మర్చిపోతావు?"

"ఒక్కపూటైనా మర్చిపోతేగా! తినమ్మా అంటే వినవు. పాడైపోతుందంటే తింటావు."

"మరి ఆ కోపం?"

"అది మాత్రం నిజమేనే. ముప్పయ్యేళ్ళు అచ్చాఫీసులో, కంపెనీవాళ్ళు చిన్నవి చెయ్యమన్నప్పుడల్లా పొట్లాల మీది ఆ అక్షరాలు చిన్నవి చేసింది ఈ చేతులే. నామీద నాకే ఒళ్ళుమంట."

ఆమె పొట్లం పక్కన పడేసి క్యారేజీ మూత తీసింది.

"లోపలివాళ్ళు అడుగుతున్నారు మామయ్యా, నువ్వు తిన్నావా అని."

"ఇంకా లేదని చెప్పు" అంటూ మామయ్య మెట్టెక్కాడు. కూర్చునే లోపే భూతద్దం సాసు సీసా మీదికి పోయింది.