అమ్మ చెప్పలేని తేదీ

మా సంఘంలో అందరికీ రెండు పుట్టినరోజులుండేవి. ఒకటి తల్లి కడుపులోంచి బయటపడిన రోజు, రెండోది తిరిగి జన్మించిన రోజు. మొదటిదాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. రెండోది మాత్రం తేదీ, వారం, పూట, ఎవరి ప్రసంగం వింటుండగా జరిగిందో, అన్నీ నోటికి వచ్చి ఉండాలి. చెప్పగలిగినవాళ్ళకి సముద్రంలో బాప్తిస్మం, ఆ తర్వాత ప్రతి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం. చెప్పలేనివాళ్ళు వెనక కూర్చోవాలి. మా అమ్మ బతికినన్నాళ్ళూ వెనకే కూర్చుంది.

డెబ్బైల మొదట్లో నాన్నకి పోర్టులో ఖలాసీ పని దొరికితే విజయనగరం అవతలి పల్లె నుంచి విశాఖపట్నం వచ్చేశాం. పల్లెలో మిషన్ వాళ్ళ చిన్న గుడి ఉండేది. అమ్మకీ నాన్నకీ పసితనంలోనే అక్కడి పాస్టరుగారు నుదుటి మీద నీళ్ళు చిలకరించారు. వాళ్ళ దృష్టిలో ఆ రోజుతోనే పని అయిపోయింది. ఇక్కడ మా క్వార్టర్స్ దగ్గర్లోని సంఘంలో చేరబోతే, ఆ నీళ్ళు చెల్లవన్నారు. ఊయలలో ఉన్న బిడ్డకి పాపమేమిటో, పశ్చాత్తాపమేమిటో ఏం తెలుస్తుంది? మనిషి తెలిసి తిరిగి జన్మించాలి, ఆ సంగతి నలుగురిలో సాక్ష్యం చెప్పాలి, అప్పుడు నీళ్ళలో మునగాలి. అదీ పద్ధతి.

నాన్నకి ఇదంతా తొందరగానే అయిపోయింది. ఆ వేసవిలో మైదానంలో సువార్త కూటాలు పెట్టారు. ప్రసంగం అయ్యాక, రక్షణ కావలసినవాళ్ళు లేచి నిలబడమంటే నాన్న నిలబడ్డాడు. కొన్నాళ్ళకి ఒక తెల్లవారుజామున జాలరిపేట ఒడ్డుకి తీసుకెళ్ళి ముంచారు. నాటు పడవలు ఇసుక మీదకి లాగి ఉన్నాయి. గంపలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు, "ఓలమ్మో, పెద్ద పెద్దోళ్ళని అలా ముంచేత్తన్నారేటే?" అని నవ్వుకున్నారు. నాన్న నీళ్ళలోంచి లేచి గజగజా వణికాడు. ఒడ్డున అందరూ పాట ఎత్తుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన బీడీ ముట్టలేదు. "కంపు వదిలింది, అదే పదివేలు," అంది అమ్మ.

తర్వాత అమ్మ వంతు వచ్చింది. సంఘ పెద్ద ఒక బ్యాంకులో పనిచేసేవారు. సీతమ్మధార నుంచి స్కూటరు మీద వచ్చేవారు. చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఎవరింట్లో జ్వరమన్నా వచ్చి వాలిపోయేవారు. గురువారం ప్రార్థనలో అందరి ముందూ అమ్మని అడిగారు.

"అమ్మా, మీరు ఏ దినాన తిరిగి జన్మించారు?"

"నాకు తెల్దండి అయ్యగారూ. సిన్నప్పట్నుంచీ ఆ పెబువుతోటే ఉన్నాను."

"చిన్నప్పట్నుంచి అంటే కాదమ్మా. ఒక దినమంటూ ఉంటుంది. చీకట్లోంచి వెలుగులోకి వచ్చిన దినం."

అమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆవిడకి దేన్నైనా ఊరికే అనేయడం చేతకాదు. చివరికి, "నాను సీకట్లో ఉన్నట్టు గ్యాపకం నేదండి," అంది.

ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ సాక్ష్యాలు ఎన్నిసార్లు వినలేదు! ఒకావిడ అత్తగారి ముక్కుపుడక కొట్టేసింది, ఇంకొకావిడ మొగుడికి తెలియకుండా రోజూ మ్యాట్నీకి పోయింది. అవన్నీ వదిలేసి ఫలానా దినాన మారారు, సంతోషం. మా అమ్మ అసలు సినిమాహాలు గుమ్మమే తొక్కలేదు. మరి దేన్నుంచి మారాలి? చెప్పుకోవడానికి తగిన పాపం ఒక్కటీ లేకపోవడం ఆవిడ చేసుకున్న కర్మ.

ఆదివారం రొట్టె పళ్ళెం ముందు వరస నుంచి వచ్చేది. మా ముందు వరస దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేది. అమ్మ చూపు దాని వెంటే వెళ్ళేది. రొట్టె మీద కప్పే తెల్లగుడ్డ ఉతికేది మాత్రం మా అమ్మే. ఆ పనికి సాక్ష్యం అక్కర్లేదు మరి. పోర్టు పక్కన బతుకు, ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము బయట ఆరేసిన ప్రతి గుడ్డమీదా పేరుకునేది. అందుకని ఆ ఒక్క గుడ్డనీ వంటింట్లో తాడు కట్టి ఆరేసేది. కూటం అయ్యి ఇంటికి నడిచొస్తుంటే నాన్నని మెల్లగా అడిగేది.

"ఈయాల రొట్టి మెత్తగా ఉన్నాదా?"

"ఉన్నాది," అనేవాడు నాన్న, అటు చూడకుండా.

ఆయనకి అది నచ్చేది కాదు. ఇంట్లో ఎన్నోసార్లు గొడవ పెట్టుకున్నాడు. "ఏదో ఒకటి సెప్పీయే. మొన్నటి కూటంలో జరిగిందని సెప్పీ. అయ్యగారు ఎల్లి ఎవుల్ని అడుగుతారు?" అనేవాడు.

"అబద్ధమాడి మళ్ళీ పుట్టమంటావేటయ్యా?" అనేది అమ్మ.

నేను కాలేజీలో చేరాక నోరు పెద్దదైంది. నాన్న ఉద్యోగం కాగితాల్లో ఉన్న పుట్టినతేదీ కూడా బళ్ళో మాస్టారు తనకి తోచింది వేసినదే. మా పల్లెలో ఎవరికీ అసలు తేదీ తెలియదు, అయినా అందరూ పుట్టారు, తింటున్నారు, తిరుగుతున్నారు. ఇదే మాట అమ్మతో అని, "ఊళ్ళో ఇన్ని చర్చిలున్నాయి. రొట్టె పెట్టేవాళ్ళ దగ్గరికి పోదాం పద," అన్నాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"అది కాదే గుంటా. ఆళ్ళు సదూకున్నోళ్ళు. ఆళ్ళు సెప్పింది నిజవేమో. నాకు నిజంగా జరగనేదేమో. రేపు పైకెల్లాక ఆ గుమ్మం కాడ కూడా ఇదే అడిగితే ఏటి సెప్పాల?"

అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ బాధ రొట్టె గురించి కాదని. ఆవిడ భయపడుతోంది. నిద్రపోయే ముందు గోడవైపు తిరిగి గొణుక్కునేది ఏమిటో అప్పటిదాకా నేను సరిగ్గా వినలేదు. ఆ తర్వాత విన్నాను. "నాకూ ఒక దినం ఇయ్యి తండ్రీ," అని అడుగుతోంది. అది విన్నాక నాకు ఆ సంఘం మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కానీ కోపం ఎవరికి పనికొస్తుంది?

ఎనభైల్లో ఊరంతా స్టీలు ప్లాంటు మాటే. మా క్వార్టర్స్ కుర్రాళ్ళందరూ అక్కడ పనుల కోసం తిరుగుతున్నారు. మా ఇంట్లో మాత్రం అమ్మ కడుపునొప్పి తప్ప ఇంకో మాట లేదు. గడ్డ అన్నారు. పెద్దాసుపత్రిలో కోసి, చూసి, మళ్ళీ కుట్టేసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచం పట్టాక అమ్మ ఒక్కటే అడిగింది. పోయే లోపల ఒక్కసారి రొట్టె తీసుకోవాలని ఉందంది. నాన్న సీతమ్మధార దాకా వెళ్ళి పెద్దాయన కాళ్ళమీద పడ్డంత పనిచేశాడు.

ఒక మధ్యాహ్నం ఆయన వచ్చారు. స్టీలు డబ్బాలో రొట్టె, చిన్న సీసాలో ద్రాక్షరసం తెచ్చారు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. డబ్బా మూత తీయలేదు, ఒళ్ళో పెట్టుకున్నారు.

"అమ్మా, ఒక్క మాట చాలు. ఎప్పుడు, ఎలా అన్నది ఒక్క మాట. ఈ మంచంలో ఉండగానే జరిగిందన్నా సరే."

ఆ మనిషి బతిమాలుతున్నాడు, నాకు కనిపిస్తోంది. అమ్మ కళ్ళు మూసుకుంది. నేను మనసులో, చెప్పెయ్యవే, చెప్పెయ్యి తల్లీ అనుకుంటున్నాను. అమ్మ కళ్ళు తెరిచింది.

"నేదండి అయ్యగారూ. ఇంకా రానేదు."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా చేతుల్లో లేదమ్మా," అని లేచారు. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ నాన్న మాట్లాడాడు.

"అయితే నాకూ రానేదండి అయ్యగారూ."

"ఏమిటి బ్రదర్ మీరనేది? మీ సాక్ష్యం మేమంతా విన్నాం కదా."

"మైదానంలో అందరూ నెగిసి నిలబడ్డారు, నానూ నిలబడ్డాను. సవుద్రంలోంచి లేసినప్పుడు సలేసింది. అంతేనండి, మరేటీ జరగనేదు. ఆ తేదీ నోటికొచ్చింది గాబట్టి ఇన్నేళ్ళూ తిన్నాను. మా ఇంటిదానికి పెట్టనిది ఇంక నాకొద్దు."

పెద్దాయన చిన్న ప్రార్థన చేసి, డబ్బా పట్టుకుని వెళ్ళిపోయారు. ఆ క్షణాన నాకు నాన్న కొండంత మనిషిలా కనిపించాడు. జీవితంలో మొదటిసారి ఆయన అమ్మ పక్కన నిలబడ్డాడని పొంగిపోయాను. అమ్మ కూడా అలాగే అనుకుంటుందనుకుని మంచం దగ్గరికి వెళ్ళాను.

అమ్మ నాన్ననే చూస్తోంది. "నిజవేనా?" అంది.

"నిజవే."

అమ్మ ఏడ్చింది. అన్నేళ్ళు వెనక కూర్చున్నప్పుడు ఏడవలేదు, ఆసుపత్రివాళ్ళు పంపించేసినప్పుడు ఏడవలేదు. నాన్న కంగారుపడిపోయాడు.

"నీ కోసవే గదే సెప్పాను. ఏడుత్తావేటి?"

"నాను బయటుండిపోయినా నువ్వు లోపలుంటావని దైర్నంగా ఉన్నానయ్యా. నువ్వొచ్చి, ఇది నా మనిషేనండి, రానీయండని నా తరపున అడుగుతావనుకున్నాను. ఇప్పుడు లోపల నాకెవులున్నారు?"

మేమిద్దరం ఆవిడకి ఏదో ఇచ్చామనుకున్నాం, ఉన్న ఒక్క ఆసరా లాగేశాం. ఆ సాయంత్రం నుంచి నాన్న మాట మార్చాడు. అయ్యగారి మీద కోపంతో అలా అన్నానన్నాడు, ఒట్టేశాడు. మంచం పక్కన నేలమీద కూర్చుని, కూటాల్లో చెప్పినట్టే, ఫలానా సంవత్సరం, ఫలానా ఆదివారం, సాయంత్రం పూట అని తన సాక్ష్యం మొత్తం అమ్మ చెవిలో మొదటినుంచీ చెప్పేవాడు. రోజూ చెప్పేవాడు. మైదానంలో మాటలు అబద్ధమో, గుమ్మం దగ్గర మాటలు అబద్ధమో నాకు ఈనాటికీ తెలియదు. అమ్మకి మాత్రం ఏదీ నమ్మే ఓపిక మిగల్లేదు. ఆఖరి రోజున కూడా ఆయన తేదీ చెప్పడం మొదలుపెట్టగానే, చెయ్యి కాస్త ఎత్తి ఆపింది.

"సాల్లెయ్యా," అంది. "ఇంక అబద్ధాలాడకు."